చంద్రపూర్ పొలాలకు పగటి కరెంటు: దాని వెనుక కథ

రాజురా తాలూకా ఒకప్పుడు ఆదిలాబాద్ జిల్లాలోది. 1956లో బొంబాయి రాష్ట్రంలో కలిసింది, 1959లో చాందా జిల్లాకు, అంటే ఇప్పటి మహారాష్ట్రలోని చంద్రపూర్‌కు వచ్చింది. రాజురా, బల్లార్‌పూర్ వైపు ఇన్ని తెలుగు కుటుంబాలు ఉండటానికి అదొక కారణం, బొగ్గు గనులు ఇంకొకటి. ఆ బొగ్గుతో నడిచే చంద్రపూర్ థర్మల్ కేంద్రం సామర్థ్యం 2,920 మెగావాట్లు. బూడిద ఇక్కడే పడుతుంది. అయినా ఈ జిల్లా రైతుకు మోటారు నడిచే త్రీఫేజ్ కరెంటు వంతులవారీగానే వచ్చేది, కొన్ని రోజులు పగలు, కొన్ని రోజులు రాత్రి. రాత్రి వంతు వచ్చిందంటే ఇంటిల్లిపాదికీ టెన్షన్. తడోబా అభయారణ్యం చుట్టూ పులులు, పొలాల్లో అడవి పందులు, గట్ల మీద పాములు. మోటారు వేయడానికి వెళ్లిన మనిషి తిరిగొచ్చేదాకా ఇంట్లో ఎవరికీ కంటిమీద కునుకుండదు.

దీనికి దారి చూపింది సోలార్ కరెంటు. దేశం ఆ లెక్కలు వేసుకున్నది 2010 జనవరిలో, జాతీయ సౌర మిషన్‌తో. 2022కల్లా 20,000 మెగావాట్లు అన్నారు. అప్పట్లో కేంద్ర విద్యుత్ నియంత్రణ సంఘం సోలార్ కరెంటుకు కట్టిన ధర యూనిట్‌కు 17.91 రూపాయలు. 2017 మేలో రాజస్థాన్‌లోని భడ్లా వేలంలో అది 2.44కు పడిపోయింది. మధ్యలో 2014లో దేశం మొత్తంలో పెట్టగల సౌర సామర్థ్యాన్ని 748 గిగావాట్లుగా (ఒక గిగావాట్ అంటే వెయ్యి మెగావాట్లు) అంచనా వేశారు, మహారాష్ట్రది 64. బంజరు భూముల్లో 3 శాతం మేర ప్యానెళ్లు పరిస్తే అని ఆ లెక్క. 2015లో లక్ష్యాన్ని లక్ష మెగావాట్లకు పెంచారు. 2022 చివరికి 63 వేల దగ్గర ఆగాం, 2025 జనవరిలో లక్ష దాటాం. 2031-32 నాటికి 3.64 లక్షలు కావాలని జాతీయ విద్యుత్ ప్రణాళిక అంటోంది.

ఇన్ని అంకెల్లో ఎంత జాగా ఉందన్నదే కనిపిస్తుంది, కరెంటు ఏ వేళకు ఎవరికి కావాలన్నది కాదు. సోలార్ పగలే వస్తుంది కాబట్టి సాయంత్రం ఇళ్లలో వెలగాలంటే బ్యాటరీ కావాలి. పొలం మోటారుకు ఆ అవసరం లేదు, ఎండ ఉన్నప్పుడే నీళ్లు తోడుకోవచ్చు. నా దృష్టిలో సోలార్‌కు ఇంతకన్నా సరిపోయే పని గ్రామాల్లో లేదు.

మహారాష్ట్ర 2017లో తెచ్చిన ముఖ్యమంత్రి సౌర కృషి వాహిని పథకం పట్టుకున్నది ఈ సంగతినే. వ్యవసాయ ఫీడర్‌ను, అంటే పొలాలకు కరెంటు తెచ్చే లైనును వేరుచేసి, సబ్‌స్టేషన్ దగ్గర్లోనే చిన్న ప్లాంటు పెడతారు. మెగావాట్‌కు నాలుగైదు ఎకరాలు చాలు. దూరం తక్కువ కాబట్టి లైన్లలో నష్టమూ తక్కువే. అయితే చంద్రపూర్ ఎండ ఎక్కువ కాబట్టి కరెంటూ ఎక్కువ వస్తుందనుకోకూడదు. ప్యానెల్ వేడి 25 డిగ్రీలు దాటాక ఒక్కో డిగ్రీకి ఉత్పత్తి దాదాపు 0.4 శాతం తగ్గుతుంది. వానాకాలం మబ్బుల్లో ఇంకా తగ్గుతుంది. రబీలో మాత్రం బాగా పనికొస్తుంది.

భూమి దగ్గర నాకు దిగులుంది. 2023లో పథకాన్ని విస్తరించినప్పుడు హెక్టారుకు ఏడాదికి 1.25 లక్షల రూపాయల కౌలు ప్రకటించారు, పట్టా ఉన్న రైతుకు అది మంచి రాబడే. కానీ రికార్డుల్లో బంజరు అని రాసిన చోట ఊరి పశువులు మేస్తుంటాయి. అక్కడ కంచె వేస్తే, సెంటు భూమి లేక మేకలు కాసుకుని బతికేవాళ్లకు కౌలూ రాదు, మేతా ఉండదు.