నార్వే కమ్యూనిస్టుల అసలు ఓటమి 1949 అక్టోబరులో

ఉక్రెయిన్ యుద్ధం మొదలైనప్పటి నుంచీ నార్వే వామపక్షంలో నాటో గొడవ చల్లారడం లేదు. ఉక్రెయిన్‌కి ఆయుధాలు పంపడాన్ని 2023 మహాసభలో అక్కడి వామపక్ష రెడ్ పార్టీ సమర్థించాక, నాటో అసలే వద్దనే నార్వే కమ్యూనిస్టు పార్టీ (ఎన్‌కేపీ) సంగతి మళ్లీ చర్చకొచ్చింది. 2021 ఎన్నికల్లో దేశం మొత్తం మీద సుమారు 300 ఓట్లు వచ్చిన పార్టీ ఇది. 1945లో మాత్రం దాదాపు 12 శాతం ఓట్లు, 11 సీట్లు తెచ్చుకుంది.

ఇంతలా ఎలా పడిపోయింది అంటే ప్రచ్ఛన్న యుద్ధం, పోలీసు నిఘా అని చెబుతారు. నిఘా నిజమే, రహస్య నిఘాపై విచారణ జరిపిన లుండ్ కమిషన్ నివేదిక 1996లో దాన్ని బయటపెట్టింది. 1948 ఫిబ్రవరిలో ప్రధాని గెర్హార్డ్‌సెన్ క్రోకెరోయ్ అనే ఊళ్లో కమ్యూనిస్టుల మీద పోరుకి పిలుపిచ్చిన మాటా నిజమే. కానీ ఆ పిలుపుని తట్టుకుని నిలబడాల్సిన పార్టీని సొంతవాళ్లే ముక్కలు చేశారు.

పేడర్ ఫూరుబోట్న్ అనే వడ్రంగి కార్మికుడు జర్మన్ ఆక్రమణ కాలంలో పార్టీని అజ్ఞాతంలోంచి నడిపాడు. 1944లో ఆయన కొండ స్థావరాల మీద జర్మన్లు పెద్ద దాడి చేసినా తప్పించుకున్నాడు. యుద్ధం అయ్యాక జనం కమ్యూనిస్టులకి ఓటేసింది ఈ పోరాటం చూసి, ఉత్తరాన ఫిన్‌మార్క్‌ని విడిపించిన సోవియట్ సైన్యాన్ని చూసి. పార్టీ నార్వే పరిస్థితులని బట్టి నడవాలని ఫూరుబోట్న్ అనేవాడు. 1948లో మాస్కో మాట వినని యుగోస్లావియా నేత టిటోతో స్టాలిన్ తెగతెంపులు చేసుకున్నాక, అలాంటి మాట అనడమే నేరమైపోయింది.

1949 అక్టోబరు 10 ఎన్నికల్లో పార్టీకి ఒక్క సీటూ రాలేదు. హంగరీలో మాజీ విదేశాంగ మంత్రి రైక్‌ని టిటో మనిషన్న ముద్రవేసి ఉరితీసింది కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే. ఓస్లోలో ఉరికొయ్యలు లేవు గానీ ఆరోపణలు అవే: ఫూరుబోట్న్, ఆయన వెంట ఉన్నవాళ్లు టిటోవాదులు, ట్రాట్‌స్కీవాదులు, బూర్జువా జాతీయవాదులు అన్నారు. పార్టీ అధ్యక్షుడు ఎమిల్ లోవ్లీన్ వర్గం పార్టీని చేజిక్కించుకుని వాళ్లని బహిష్కరించింది. ఫూరుబోట్న్ పార్టీలోనే ఇంకో పార్టీ నడుపుతున్నాడన్నది లోవ్లీన్ వర్గం వాదన. అజ్ఞాతంలో అలవాటైన గోప్యత ఆయన మనుషుల్లో ఉండిపోయి ఉండొచ్చు, కానీ దానికి ద్రోహి ముద్ర ఎందుకు? నాజీలతో పోరాడి బతికి బయటపడ్డవాళ్లని, ఓట్లు తెచ్చిపెట్టిన ఆ చరిత్రనే, పార్టీ వీధిలోకి నెట్టేసింది.

ఇదంతా నార్వే నాటోలో చేరిన ఏడాదే జరిగింది. అంటే నాటో మీద గట్టిగా పోరాడాల్సిన సమయంలో కమ్యూనిస్టులు ఒకరి మీద ఒకరు పడ్డారు, దానికి తోడు పార్టీ మాస్కో చెప్పినట్టు ఆడుతుందని ప్రత్యర్థులు చేసే ప్రచారానికి సాక్ష్యం కూడా వాళ్లే ఇచ్చారు. ఇవాళ ఎన్‌కేపీ నాటో గురించి ఏం మాట్లాడినా రష్యా పక్షం అనేస్తున్నారంటే ఆ అనుమానం కొత్తగా పుట్టింది కాదు.

1975లో మిగతా వామపక్షాలతో కలిసి ఒకే పార్టీ అయ్యే అవకాశం వచ్చింది, మహాసభ వద్దంది. నాయకుడు రైదార్ లార్సెన్ పార్టీ వదిలి అటు వెళ్లిపోయాడు. ఫూరుబోట్న్ చనిపోయింది కూడా ఆ ఏడాదే.