వాల్వ్ ఆంప్‌కి ఏ పెడల్ పెట్టాలి?

గిటార్ శబ్దాన్ని గాజు వాల్వులతో పెంచే వాల్వ్ ఆంప్ కొత్తగా కొన్నవాళ్లు, గిటార్‌కీ ఆంప్‌కీ మధ్య పెట్టి కాలితో నొక్కే పెట్టె గురించి ముందుగా అడిగేది ఒకటే: "ఏ ఓవర్‌డ్రైవ్ పెడల్ తీసుకోమంటారు?" వెంటనే ఒక మోడల్ పేరు చెప్పేసేవాళ్ల మాట కాస్త అనుమానంగానే వినాలి. ఆంప్ ఏది, దాన్ని ఎంత వాల్యూమ్‌లో వాయిస్తారు అన్నవి తెలియకుండా ఈ ప్రశ్నకు జవాబు లేదు. పెడల్ చేసే పనిలో సగం పెడల్‌లో జరగదు మరి, ఆంప్ వాల్వుల్లో జరుగుతుంది.

ఇంట్లో పాత మర్ఫీ రేడియో చూసినవాళ్లకి వాల్వులు తెలిసే ఉంటాయి. స్విచ్ వేసిన కాసేపటికి గానీ పాట వచ్చేది కాదు. వెనక నుంచి తొంగి చూస్తే గాజు బుడ్ల లోపల ఎర్రటి వెలుగు కనిపించేది. ఆ వేడికే కాథోడ్ నుంచి ఎలక్ట్రాన్లు బయటికొస్తాయి, ఎక్కువ వోల్టేజిలో ఉన్న ప్లేటు వాటిని లాక్కుంటుంది. దారిలో గ్రిడ్ అనే సన్నటి తీగ చుట్ట ఉంటుంది. గిటార్ సిగ్నల్ వెళ్లేది ఈ గ్రిడ్‌కే. దాని వోల్టేజి ఇసుమంత మారినా ప్లేటు దగ్గర మార్పు పెద్దగా ఉంటుంది. గిటార్ ఆంపుల ముందు వరసలో ఎక్కువగా కనిపించే 12ఏఎక్స్7 వాల్వ్ మామూలు సర్క్యూట్‌లో సిగ్నల్‌ని యాభై అరవై రెట్లు పెంచుతుంది.

ఈ గ్రిడ్‌ని కాథోడ్ కంటే సుమారు ఒకటిన్నర వోల్టు కిందుగా ఉంచుతారు. గిటార్ తీగల కింద ఉండే పికప్ నుంచి 0.2 వోల్టుల సిగ్నల్ వచ్చిందనుకుందాం, మొదటి వాల్వ్‌కి అదొక లెక్క కాదు. మధ్యలో సిగ్నల్‌ని 20 డెసిబెల్స్ పెంచే బూస్ట్ పెడల్ పెడితే అదే సిగ్నల్ పది రెట్లయి 2 వోల్టులవుతుంది. అప్పుడు అల పైకి లేచినప్పుడల్లా గ్రిడ్ కాథోడ్‌ని దాటిపోయి, ఎలక్ట్రాన్లని తనే లాక్కోవడం మొదలుపెడుతుంది. అల నెత్తి చదునవుతుంది. కిందికి దిగినప్పుడు ప్లేటు కరెంటు దాదాపు ఆగిపోయి రెండో వైపూ నొక్కుకుపోతుంది, కానీ మొదటి వైపులాగా కాదు. రెండు వైపులూ ఒకేలా నలిగితే బేసి హార్మోనిక్సే, అంటే మూలస్వరానికి మూడు, అయిదు లాంటి బేసి రెట్ల స్వరాలే పుడతాయి. ఇలా ఎగుడుదిగుడుగా నలిగితే సరి హార్మోనిక్స్ కూడా కలుస్తాయి. అంటే 110 హెర్ట్‌జ్ స్వరంతో పాటు 330 మాత్రమే కాదు, 220, 440 కూడా వినిపిస్తాయి. గిటారిస్టులు "వార్మ్ టోన్" అని మురిసిపోయే దాంట్లో చాలావరకు ఇదే. నిజానికి వెనకున్న వాల్వులు మొదటిదాని కంటే ముందే నిండిపోతుంటాయి, ఎందుకంటే వాటికి చేరేసరికి సిగ్నల్ ఇంకా పెద్దదవుతుంది.

9 వోల్టుల పెడల్‌తో ఇలా తోస్తే వాల్వ్ పాడైపోతుందేమోనని కొందరికి టెన్షన్. ఆ భయం అక్కర్లేదు. వందల వోల్టుల మధ్య పనిచేసే వాల్వ్‌ని పెడల్ ఇచ్చే నాలుగైదు వోల్టులు ఏమీ చేయలేవు.

బూస్ట్ అంటే సిగ్నల్‌ని పెంచడమే. 1960ల చివర్లో న్యూయార్క్‌లో మైక్ మాథ్యూస్ కంపెనీ ఎలక్ట్రో-హార్మోనిక్స్ తెచ్చిన ఎల్‌పీబీ-1 అనే బూస్ట్‌లో ఉన్నది ఒకే ఒక్క ట్రాన్సిస్టర్. ఓవర్‌డ్రైవ్ పెడల్ అలా కాదు, పెంచుతూనే సిగ్నల్‌ని తనలోనే కొంత నలిపేస్తుంది. చాలామంది బోర్లాపడేది బూస్ట్ దగ్గరే. ఆంప్ ఇంకా క్లీన్‌గా ఉంటే బూస్ట్ నొక్కగానే శబ్దం పెరుగుతుంది. ఆంప్ అప్పటికే క్రంచ్‌లో ఉంటే, అంటే కొంత నలుపుతూ ఉంటే, శబ్దం పెద్దగా పెరగదు, నలుగుడు పెరుగుతుంది, స్వరం ఎక్కువసేపు నిలుస్తుంది. సోలోలో బ్యాండ్ మీద వినపడాలని బూస్ట్ నొక్కినవాడు, తీరా చూస్తే డ్రమ్స్ కింద ఇంకా మునిగిపోతాడు. వాడికి కావలసింది ఆంప్ వెనక ఎఫెక్ట్స్ లూప్‌లో, అంటే ముందు వరస వాల్వుల తర్వాత పెడల్ కలిపే చోట పెట్టే బూస్ట్. అక్కడ ప్రీఆంప్ అనే ఆ ముందు వరస నలుగుడు అప్పటికే అయిపోయి ఉంటుంది, స్పీకర్‌ని నడిపే పవర్ వాల్వుల్లో ఇంకా చోటుంటే శబ్దం పెరుగుతుంది.

ఎంత పెంచాలన్నదాని కంటే దేన్ని పెంచాలన్నదే నా దృష్టిలో అసలు విషయం. 1960ల మధ్యలో ఇంగ్లండులో డల్లాస్ కంపెనీ రేంజ్‌మాస్టర్ అనే చిన్న పెట్టె అమ్మింది. లోపల ఓసీ44 అనే ఒక జెర్మేనియం ట్రాన్సిస్టర్, ముందు కావాలనే చిన్నగా పెట్టిన కెపాసిటర్. ఆ కెపాసిటర్ బేస్‌ని, అంటే కింది స్వరాలని ఆపేసి పైస్వరాలనే ఎక్కువగా పోనిస్తుంది. గిటారిస్టులు రోరీ గాలగర్, టోనీ అయోమీ వాడింది దీన్నే. అయోమీ దగ్గరున్నది కొంచెం మార్చిన పెట్టె, దాన్ని పెట్టింది లేనీ ఆంప్ ముందు. క్వీన్ బ్యాండ్ గిటారిస్టు బ్రయాన్ మే కూడా వాక్స్ ఏసీ30 ఆంపుల ముందు ట్రెబుల్ బూస్టర్ పెట్టే వాయిస్తాడు.

ఒంటరిగా వింటే చెవుల్లో గుచ్చుకునే ఈ పెట్టె పెద్ద ఆంప్ ముందు అంత బాగా ఎందుకు పలుకుతుంది? ఇరుకు గుమ్మంలో లావుపాటి మనిషి ముందు దూరితే వెనకవాళ్లంతా ఆగిపోయినట్టు, బలమైన బేస్ వాల్వ్‌ని ముందే నింపేస్తే మిగతా స్వరాలకి చోటుండదు. పైగా గ్రిడ్ ఎలక్ట్రాన్లని లాక్కున్నప్పుడు దాని ముందున్న కెపాసిటర్ చార్జ్ అవుతుంది. అది ఖాళీ అయ్యేదాకా వాల్వ్ సరిగ్గా పలకదు, స్వరం తడబడుతూ చిరిగినట్టు వస్తుంది. బేస్‌ని ముందే ఆపేసే పెట్టెతో ఈ రెండు ఇబ్బందులూ తగ్గుతాయి.

ఇంకో చిక్కు కూడా ఉంది. రెండు స్వరాలు కలిసి నలిగితే వాటి తేడా కూడా ఓ స్వరంగా పుడుతుంది. మూలస్వరం, పంచమం మాత్రమే ఉండే పవర్ కార్డ్‌లో 110, 165 కలిస్తే వచ్చే 55 సరిగ్గా ఒక స్థాయి కింది స్వరమే కాబట్టి బరువుగా, బాగుంటుంది. మేజర్ కార్డ్‌లో గిటార్ ఫ్రెట్ల ప్రకారం 110, 138.6 కలిస్తే వచ్చే 28.6 దేనికీ అతకదు. ఇలా నలిగిన శబ్దంలో (డిస్టార్షన్) నిండు కార్డులు బురదగా వినిపించడానికి ఇదొక కారణం.

జెర్మేనియంతో మన ఎండలకు ఒక పేచీ ఉంది. వేడి పది డిగ్రీలు పెరిగితే దాని లీకేజి కరెంటు రమారమి రెట్టింపవుతుంది. ఇంగ్లండు చలిలో చక్కగా పలికే పెట్టె మే నెలలో విజయవాడ ఓపెన్ స్టేజి మీద గొంతు మార్చేస్తుంది. ఈ తరహా శబ్దం కావాలంటే సిలికాన్ ట్రాన్సిస్టర్‌తో చేసిన ట్రెబుల్ బూస్టర్ చూసుకోవడం మేలు.

1979లో జపాన్ నుంచి వచ్చిన ఐబనెజ్ ట్యూబ్ స్క్రీమర్ టీఎస్808 అనే ఓవర్‌డ్రైవ్ పెడల్ కూడా బేస్‌ని ముందే కోసే పనిని ఇంకో దారిలో చేసింది. పేరులో ట్యూబ్ (వాల్వ్) ఉంది గానీ లోపల లేదు. సిగ్నల్‌ని పెంచే ఒక ఆప్-ఆంప్ చిప్, దాని చుట్టూ సిగ్నల్‌ని నలిపే రెండు సిలికాన్ డయోడ్లు ఎదురెదురుగా, అంతే. చిప్ ఎంత పెంచాలో నిర్ణయించే చోట 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్, 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్ కూర్చున్నాయి. ఈ రెండు అంకెలు కలిస్తే వచ్చే హద్దు సుమారు 720 హెర్ట్‌జ్. డ్రైవ్ నాబ్ సున్నాలో ఉన్నా ఆ హద్దు పైన ఉన్నవి పన్నెండు రెట్ల దాకా పెరుగుతాయి. ఆరో తీగ మూలస్వరం 82 హెర్ట్‌జ్ మాత్రం రెండు రెట్లు కూడా పెరగదు. తర్వాత టోన్ సర్క్యూట్ పైస్వరాలని కూడా తగ్గిస్తుంది. రెండు వైపులా కత్తిరిస్తే మధ్యలో మిగిలే గుట్టే దీని సొంత గొంతు.

ఇప్పుడు ఆంప్ వైపు చూడండి. ఫెండర్ ట్విన్ రివర్బ్ లాంటి అమెరికన్ ఆంపుల టోన్ సర్క్యూట్ మధ్యస్వరాలని తవ్వేస్తుంది. ఆ గోతిలో ట్యూబ్ స్క్రీమర్ గుట్ట సరిగ్గా కూర్చుంటుంది. బ్లూస్ గిటారిస్టు స్టీవీ రే వాన్ ఫెండర్ల ముందు దీన్ని వాడింది ఊరికే కాదు. మార్షల్ జేసీఎం800 ఆంప్‌లో మధ్యస్వరాలు ముందే దండిగా ఉంటాయి, అయినా మెటల్ వాయించేవాళ్లు దాని ముందు ఇదే పెడతారు. అక్కడ వాళ్లకి కావలసింది గుట్ట కాదు, బేస్ కోత. డ్రైవ్ దాదాపు సున్నా, లెవెల్ ఫుల్లు. ఒకే పెడల్, రెండు ఆంపుల్లో రెండు వేరే పనులు. మధ్యస్వరాలు ముక్కుతో పాడినట్టు వినిపించే ఆంప్ మీ దగ్గరుంటే మాత్రం దీని జోలికి పోకండి, ఎల్‌పీబీ-1 తరహా బూస్ట్ చాలు.

1994లో బిల్ ఫినెగన్ తెచ్చిన క్లాన్ సెంటార్ కూడా మంచి పెడలే, నలిగిన సిగ్నల్‌తో నలగని సిగ్నల్‌ని కలిపి పంపడం దాని తెలివి. పాతవాటికి ఇప్పుడు వేల డాలర్లు పెడుతున్నారు. ఆ డబ్బు పలికేది పేరుకే అని నా నమ్మకం, అదే సర్క్యూట్‌తో చవక పెడల్స్ బోలెడున్నాయి.

అమెరికాలో ఉన్న అన్నయ్యో బాబాయో తెచ్చిన ఆంప్ అయితే పెడల్ సంగతి తర్వాత, ముందు వెనకున్న లేబుల్ చదవండి. 120 వోల్టులదాన్ని మన 230 వోల్టుల సాకెట్‌లో నేరుగా పెడితే పని ఖతం, తగిన వాట్ల స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. ప్లగ్ తీసేశాక కూడా లోపలి కెపాసిటర్లలో వందల వోల్టులు మిగిలి ఉండొచ్చు, కాబట్టి విప్పే పని తెలిసినవాళ్లకి వదిలేయండి.

అపార్ట్‌మెంట్‌లో వాయించేవాళ్ల లెక్క వేరు. వాల్యూమ్ రెండు దాటనివ్వని ఇంట్లో పవర్ వాల్వులు నలిగే అవకాశమే లేదు, బూస్ట్ పెట్టినా అవి నిండవు. అలాంటప్పుడు నలిపే పని చాలావరకు పెడలే చేయాలి. బేస్‌ని మరీ కోయని, బాస్ (Boss) కంపెనీ బ్లూస్ డ్రైవర్ లాంటివి అక్కడ నయం. చిన్న ఆంప్ కొంటే సరిపోతుందనుకుంటారు గానీ, 50 వాట్ల నుంచి 5 వాట్లకి దిగితే తగ్గేది 10 డెసిబెల్స్, చెవికి సుమారు సగం. ఫుల్ వాల్యూమ్‌లో 5 వాట్ల వాల్వ్ ఆంప్‌కి కూడా పక్క ఫ్లాట్‌వాళ్లు తలుపు కొడతారు.