ఫైబర్ కారుకూ తుప్పు పడుతుంది: పాత కార్వెట్ గురించి అపోహలు - వాస్తవాలు

డెట్రాయిట్ చుట్టుపక్కల కార్ల కంపెనీల్లో పనిచేసే తెలుగువాళ్లకు కొదవ లేదు. పగలంతా కంప్యూటర్ ముందు విడిభాగాల బొమ్మలు గీసేవాళ్లలో కొందరికి, చేతికి గ్రీజు అంటుకునే కారు ఒకటి ఇంట్లో ఉండాలన్న కోరిక పుడుతుంది. చూపు చాలాసార్లు మూడో తరం షెవర్లే కార్వెట్ మీద ఆగుతుంది. 1968 నుంచి 1982 దాకా తయారైన, పొడుగు ముక్కు, సన్నని నడుము ఉన్న కారు అది. ముఖ్యంగా 1973 తర్వాతి మోడళ్లు ఉద్యోగస్తుడి జేబుకు ఇంకా అందుతున్నాయి. ఇలాంటి కార్లు బాగుచేయడమే నా వృత్తి. షెడ్డుకు వచ్చే ప్రతి కారు వెంట యజమాని నమ్మకాలు కూడా కొన్ని వస్తాయి. బిగుసుకుపోయిన నట్లు విప్పడం కన్నా వాటిని విప్పడం కష్టం.

అపోహ: "బాడీ ఫైబర్ గ్లాస్ కదా, తుప్పు భయం లేదు"

1953లో ఫ్లింట్ ఊళ్లో చేసిన మొదటి 300 కార్ల నుంచీ కార్వెట్ పైతొడుగు ఫైబర్ గ్లాసే. కానీ దాన్ని మోసే ఫ్రేము ఉక్కుది. ముందు అద్దం చుట్టూ, తలుపుల స్తంభాల్లో ఉండే పంజరం కూడా ఉక్కుదే. బయటి పలక తుప్పు పట్టదు కాబట్టి లోపల ఏం జరుగుతోందో పైకి తెలియదు. మామూలు కారైతే పెయింటు ఉబ్బి హెచ్చరిస్తుంది. ఇది అద్దంలా మెరుస్తూనే లోపల గుల్లవుతుంది.

కొనే ముందు చూడాల్సినవి రెండు చోట్లు. ఒకటి, వెనుక చక్రాలకు కాస్త ముందు ఫ్రేము పైకి వంపు తిరిగే చోటు. అక్కడ చిన్న సుత్తితో తట్టండి. గట్టి ఉక్కు ఖంగుమంటుంది, కుళ్లినది బొదబొదమంటుంది. రెండోది, అద్దం ఫ్రేము కింది మూలలు. డ్యాష్‌బోర్డు కింద, కాళ్ల పక్కనుండే పలకను విప్పి టార్చి వేసి పైకి చూడండి. నీటి చారలు, పొరలు పొరలుగా రాలుతున్న ఇనుము కనిపిస్తే, ధర ఎంత తగ్గించినా కారును అక్కడే వదిలేసి రండి. పంజరం బాగుచేయడానికి సగం కారును ఊడదీయాలి.

అపోహ: "లైటు మసగ్గా ఉందంటే బల్బో, స్విచ్చో పోయినట్టు"

ఇనుప బాడీ ఉన్న కారులో ఆ బాడీయే కరెంటు తిరిగి వెళ్లే దారి. ఫైబర్ గుండా కరెంటు పారదు. అందుకే ఈ కారులో ప్రతి దీపానికీ విడిగా ఎర్త్ వైరు ఉంటుంది, అది ఫ్రేముకు బిగించి ఉంటుంది. ఆ బోల్టు కింద యాభై ఏళ్ల తుప్పు చేరితే వింతలన్నీ అక్కడి నుంచే మొదలవుతాయి. బ్రేకు నొక్కితే ఇండికేటర్ వెలుగుతుంది. ట్యాంకులోని మీటరుకు ఎర్త్ అందకపోతే డ్యాష్‌బోర్డులో ముల్లు నిండు గీత దాటి నిలబడుతుంది, యజమాని మాత్రం మైలేజీ అద్భుతమని మురిసిపోతాడు.

లైటు వేసి ఉంచి, మల్టీమీటరు ఒక మొన దీపం ఎర్త్ మీద, రెండోది బ్యాటరీ నెగటివ్ మీద పెట్టి చూడండి. అర వోల్టు కనిపించినా తప్పు ఎర్త్‌దే. బోల్టు విప్పి, ఉప్పు కాగితంతో రుద్ది, మళ్లీ బిగిస్తే సరి. కొత్త వైరింగు సెట్టుకు డబ్బు పోయక్కర్లేదు.

స్పార్కు ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మీద ఉండే మెరుపు రేకుల తొడుగులు కూడా అలంకారం కాదు. ఇగ్నిషన్ పుట్టించే రొదను ఫైబర్ బాడీ ఆపలేదు కనుక రేడియో గరగరలాడకుండా కంపెనీ పెట్టిన అడ్డు అది. అడ్డంగా ఉందని పీకి పారేసి, తర్వాత రేడియో బాగుచేయించేవాళ్లు ఎందరో.

అపోహ: "పాత వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిను వేడెక్కక మానదు, థర్మోస్టాట్ తీసేస్తే చల్లబడుతుంది"

ముందుగా, ముల్లు 210 ఫారెన్‌హీట్ చూపిస్తే కారు మరిగిపోతున్నట్టు కాదు. సగం కూలెంటు, సగం నీరు కలిపి, 15 పీఎస్‌ఐ ఒత్తిడిని నిలిపే మూత బిగించిన రేడియేటర్‌లో ద్రవం మరిగేది సుమారు 265 దగ్గర. పైగా ఆ మీటరును నమ్మలేం. థర్మోస్టాట్ (ఇంజిను వేడెక్కేదాకా రేడియేటర్ దారి మూసి ఉంచే కవాటం) గూడు మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు పెట్టి చూశాకే దిగులు పడండి.

ఈ కారు గాలిని ఎక్కువగా ముక్కుతో కాదు, గడ్డం కింద నుంచి పీల్చుకుంటుంది. బంపరు కింద వేలాడే నల్లని పలక ఆ గాలిని పైకి మళ్లిస్తుంది. రేడియేటర్ చుట్టూ ఉండే స్పాంజి, రబ్బరు పట్టీలు అది పక్కలకు జారిపోకుండా చూస్తాయి. ఆ పలక ఏదో పార్కింగు దిమ్మెకు తగిలి ఎప్పుడో విరిగి ఉంటుంది, పట్టీలు పొడిపొడిగా రాలిపోయి ఉంటాయి. ఖరీదైన అల్యూమినియం రేడియేటర్ కొనే ముందు ఈ చవక వస్తువులు పెట్టి చూడండి. ఏసీ కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య ఇరుక్కున్న ఎండుటాకులు కూడా తీయండి. కొన్ని కార్లలో చిన్న పక్షిగూడు కట్టుకోవడానికి సరిపడేంత చెత్త దొరుకుతుంది.

జబ్బు ఎక్కడుందో వేగమే చెబుతుంది. హైవే మీద వేడెక్కి ట్రాఫిక్‌లో చల్లబడితే గాలి దారినో, రేడియేటర్ పూడికనో అనుమానించాలి. ఆగి ఉన్నప్పుడే వేడెక్కితే ఫ్యాను క్లచ్చును, ఇగ్నిషన్ టైమింగును (స్పార్కు పడే వేళను) చూడాలి. స్పార్కును ముందుకు జరిపే వాక్యూమ్ అడ్వాన్స్ గొట్టం ఊడిపోయిన ఇంజిను ఐడిలింగ్‌లో ఆలస్యంగా మండిస్తుంది, ఆ వేడంతా సిలిండర్ హెడ్డులోకే పోతుంది. ఏటా ఆగస్టు మూడో శనివారం వుడ్‌వర్డ్ అవెన్యూలో పాత కార్ల ఊరేగింపు నత్తనడకన సాగుతున్నప్పుడు బానెట్లు ఎత్తి పక్కన నిలబడినవాళ్లను చూస్తే ఈ రెండోరకమే ఎక్కువ. థర్మోస్టాట్ తీసేస్తే చలికాలంలో ఇంజిను సరిగ్గా వేడెక్కకపోవడం తప్ప వేరే ప్రయోజనం లేదు.

అపోహ: "బ్రేకు పెడల్ మెత్తగా ఉంటే గాలి తీస్తే సరిపోతుంది"

ఒక్క విషయమే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి. 1965 నుంచి కార్వెట్‌కు నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు వచ్చాయి. చక్రానికి నాలుగు పిస్టన్లు, అంటే మొత్తం పదహారు. ఆ రోజుల్లో అది గొప్ప సంగతి. చిక్కల్లా ఆ పిస్టన్ల రబ్బరు సీళ్లది. వాటి అంచు లోపలి ఒత్తిడిని బయటికి పోనివ్వదు, కానీ పిస్టన్ వెనక్కీ ముందుకీ కదిలితే బయటి గాలిని లోపలికి రానిస్తుంది.

మరి పిస్టన్ ఎందుకు కదులుతుంది? డిస్కు వంకరగా తిరిగితే. ప్రతి చుట్టుకూ అది పిస్టన్లను కొద్దిగా నెడుతుంది, వదులుతుంది. కారు నడుస్తున్నంతసేపూ బ్రేకు లైనులోకి గాలి ఎక్కుతూనే ఉంటుంది. ఎక్కడా ఒక్క చుక్క ఆయిలు కారదు, పెడల్ మాత్రం రోజురోజుకూ కిందికి దిగుతుంది. గాలి తీస్తే వారం బాగుంటుంది, మళ్లీ మొదటికే వస్తుంది.

కంపెనీలో డిస్కును హబ్బుకు రివెట్లతో బిగించి, రెండింటినీ కలిపి చెక్కేవారు, అందుకే అది సూటిగా తిరిగేది. తర్వాత ఎవరో రివెట్లు డ్రిల్లు చేసి కొత్త డిస్కు తగిలించి ఉంటారు. హబ్బు మీది సన్నని తుప్పు పొర కూడా దాన్ని వంకర చేయడానికి చాలు. డయల్ గేజి పెట్టి చక్రం చేత్తో తిప్పి కొలవండి. ముల్లు ఊగడం అంగుళంలో వెయ్యో వంతులు ఐదు దాటితే పిస్టన్లుండే క్యాలిపర్ల జోలికి వెళ్లకముందే డిస్కు సరిచేయాలి. వెనుక చక్రం బేరింగు ఆట చూడకుండా ఆ కొలతను నమ్మకండి. బేరింగు అరిగితే కొత్త డిస్కూ వంకరగానే కనిపిస్తుంది.

క్యాలిపర్‌లో పిస్టన్ కదిలే సిలిండర్ గోడలు పోత ఇనుము. మామూలు బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఆ తేమ గోడలను గుంటలు పెడుతుంది. స్టెయిన్‌లెస్ స్లీవులు వేసిన క్యాలిపర్లు దొరుకుతాయి, అవే తీసుకోండి. ఆయిలు రెండేళ్లకోసారి మార్చండి, డబ్బాలో నిండుగా కనబడినా సరే. సిలికాన్ ఆయిలు వాడాలంటే పాతది చుక్క మిగలకుండా కడగాలి, రెండూ కలపకూడదు.

అపోహ: "1975 మోడల్‌లో 165 హార్స్‌పవరే, అది పేరుకే స్పోర్ట్స్ కారు"

1971లో మామూలు 350 (ఘనపు అంగుళాల) ఇంజిను 270 హార్స్‌పవర్ అని రాశారు, 1972లో 200 అని రాశారు. ఇంజిను దాదాపు అదే. మారింది కొలిచే పద్ధతి. ముందు ఇంజినును బల్ల మీద, ఫ్యానూ సైలెన్సరూ లేకుండా కొలిచేవారు. 1972 నుంచి కారులో ఉండే సరంజామా అంతా తగిలించి కొలిచారు. అసలు తగ్గుదల కూడా ఉంది. 1971లో కంప్రెషన్ తగ్గించారు, 1975లో పొగను శుద్ధి చేసే కాటలిటిక్ కన్వర్టర్ వచ్చింది. అయినా ఆ 165ను పాత 270తో పోల్చడం మీటర్లను గజాలతో పోల్చడమే.

అపోహ: "కార్బురేటర్ మార్చితే అన్నీ సర్దుకుంటాయి"

క్వాడ్రాజెట్ అనే ఈ కారు కార్బురేటర్‌కు చెడ్డపేరు తెచ్చింది దాన్ని అర్థం చేసుకోని స్క్రూడ్రైవర్లే. దానికి ముందు రెండు రంధ్రాలు చిన్నవి, వెనుక రెండు పెద్దవి. నెమ్మదిగా నడిపితే పొదుపుగా తాగుతుంది, తొక్కితే గుర్రుమంటుంది.

ఐడిలింగ్ గతుకులకు కారణం చాలాసార్లు దీపాలు. ఈ కారులో హెడ్‌లైట్లను లేపేది ఇంజిను వాక్యూమ్. 1972 వరకు వైపర్ల మీది మూత కూడా దానితోనే తెరుచుకుంటుంది. ఎర్రటి, పచ్చటి గీతలున్న రబ్బరు గొట్టాలు మీటర్ల కొద్దీ ముక్కు లోపల తిరుగుతాయి. ఒకటి చీలినా ఇంజిను దొంగచాటుగా గాలి తాగుతుంది. హెడ్‌లైట్లలో ఒకటి ముందు లేచి, రెండోది కన్ను గీటినట్టు ఆలస్యంగా లేస్తే అనుమానం రూఢి. దీపాలకు వెళ్లే ముఖ్య గొట్టాన్ని ఇంజిను దగ్గర బిగించి మూయండి. ఐడిలింగ్ కుదుటపడితే కార్బురేటర్ నిర్దోషి.

అపోహ: "సీసం లేని పెట్రోలు వాల్వులను తినేస్తుంది"

అమెరికాలో రోడ్డు వాహనాలకు సీసం పెట్రోలు 1996లో పూర్తిగా ఆగిపోయింది. వారాంతాల్లో తిరిగే ఈ ఇంజిన్లు ఇన్నేళ్లూ బాగానే నడుస్తున్నాయి. అసలు చిక్కు 10 శాతం ఇథనాల్‌ది. పాత రబ్బరు గొట్టాలను మెత్తబరిచి పగలగొడుతుంది, నిల్వ ఉంటే తేమ పీలుస్తుంది. హైదరాబాద్, విజయవాడ బంకుల్లో ఇప్పుడు దొరికేది 20 శాతం కలిసిన పెట్రోలు కాబట్టి పాత బుల్లెట్ల యజమానులకు ఈ బాధ నేను చెప్పక్కర్లేదు. పెట్రోలు గొట్టాలన్నీ ఇథనాల్‌ను తట్టుకునే రకంతో మార్చేయండి. వేడి ఇంజిను మీద కారే గొట్టం, దాని పక్కనే ఫైబర్ బాడీ. అంటుకుంటే మిగిలేది ఫ్రేమే.

ఇంజిన్ ఆయిలు సంగతి వేరు. ఈ ఇంజిన్లలో లిఫ్టరు (వాల్వును నెట్టే ముక్క) కామ్ మీద దొర్లదు, రాసుకుంటూ జారుతుంది. ఆ రాపిడిని తట్టుకోవడానికి జింకు, ఫాస్ఫరస్ కావాలి. కొత్త కార్ల ఆయిళ్లలో వాటిని తగ్గించారు. పాత ఇంజిన్ల కోసమని డబ్బా మీద రాసి ఉన్నది కొనండి.

అపోహ: "చలికాలంలో వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచితే చాలు"

అసలు స్టార్ట్ చేయకపోవడమే నయం. ఐదు నిమిషాల్లో ఆయిలు వేడెక్కదు. మండినప్పుడు పుట్టిన నీరు ఆవిరైపోకుండా ఆయిలులోనూ, సైలెన్సర్‌లోనూ మిగులుతుంది. స్టార్ట్ చేస్తే అరగంట రోడ్డు మీద నడపాలి. మిషిగన్ రోడ్ల మీద ఉప్పు చల్లే నెలల్లో అది కుదరదు. ట్యాంకు నింపి, పెట్రోలు పాడవకుండా ఉంచే స్టెబిలైజర్ కలిపి, ఆయిలు మార్చి పెట్టేయండి. బ్యాటరీ సీటు వెనుక అరలో ఉంటుంది. దాన్ని విప్పి బయటికి తీయండి, లేదా నెమ్మదిగా ఛార్జి చేస్తూ ఉండే మెయింటెయినర్ తగిలించండి.

అపోహ: "స్పోర్ట్స్ కారు కదా, మలుపులో అతుక్కుపోతుంది"

వెనుక చక్రాల మధ్య అడ్డంగా ఒక కమాను పట్టీల కట్ట ఉంటుంది. ఇరుసు షాఫ్టులే చక్రం పైభాగాన్ని పట్టి ఉంచే కడ్డీలుగా కూడా పనిచేస్తాయి. కాబట్టి షాఫ్టు జాయింటు వదులైతే చక్రమే ఒరుగుతుంది. ట్రెయిలింగ్ ఆర్మ్ (వెనుక చక్రాన్ని ఫ్రేముకు కలిపే చేయి) బుష్‌లు అరిగిన కారు మలుపు మధ్యలో యాక్సిలరేటర్ వదిలితే వెనుక నుంచి తనంతట తాను స్టీరింగు తిప్పినట్టు జరుగుతుంది. మలుపుకు ముందే వేగం తగ్గించండి, మలుపు లోపల పాదం నిలకడగా ఉంచండి. ఏబీఎస్ లేదు, చక్రం బిగుసుకుంటే పెడల్ వదిలి మళ్లీ నొక్కాల్సింది మీరే. ముందు కారుకు దూరం రెట్టింపు ఉంచండి.

టైర్ల గాడులు చూసి మోసపోకండి. ఏడాదికి కొద్ది దూరమే తిరిగే కారులో గాడులు అరగవు, రబ్బరు ఎండుతుంది. పక్కగోడ మీద డాట్ అక్షరాల వరస చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2316 అంటే 2016లో 23వ వారం. అలాంటి టైరు కొత్తదానిలా మెరుస్తున్నా నేను దాన్ని షెడ్డు బయటికి కూడా నడపను.