ఫ్లోరిడా దీవుల్లో కరెంటు పని ఎవరిది? గొడవ మొదలైంది 2021 చట్టంతో కాదు

ఫ్లోరిడా కీస్ దీవుల్లో కరెంటు పనికి ఎవరిని పిలవాలి, వాళ్లకు లైసెన్స్ ఎవరు ఇవ్వాలి అనే గొడవ మళ్లీ పైకొచ్చింది. అక్కడ తుఫాన్ల సీజన్ జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా. ఆ ఆరు నెలలూ ఈ మాట ఎక్కడో ఒకచోట వినపడుతూనే ఉంటుంది. దీవుల్లోనే కాపురముండి పనిచేసే ఎలక్ట్రీషియన్లు ఒక పక్క. ఏ ఊరివాడైతేనేం, పని జరిగితే చాలనుకునే రిసార్టుల, అద్దె ఇళ్ల యజమానులు ఇంకో పక్క. దీనికంతటికీ వృత్తి లైసెన్సుల అధికారాన్ని కౌంటీల (మన జిల్లాల్లాంటివి) నుంచి తీసుకున్న 2021 నాటి రాష్ట్ర చట్టమే కారణమని చాలామంది చెబుతారు. నాకు మాత్రం అసలు మలుపు అంతకు నాలుగేళ్ల ముందే వచ్చిందనిపిస్తుంది.

రైలు మార్గం వేయడం, 1935 తుఫానుకు అది కొట్టుకుపోవడం, దాని వంతెనల మీదే తర్వాత రోడ్డు రావడం అందరూ చెప్పుకునే కథే. ఇక్కడ మనకు కావలసింది ఆ రోడ్డు. మొదట్లో ఉండే కీ లార్గో దీవి దాటాక చివరనున్న కీ వెస్ట్ చేరాలంటే వేరే రోడ్డు లేదు. మొత్తం 113 మైళ్లు, 42 వంతెనలు. మెయిన్ బోర్డు కాలితే మయామీ వైపు నుంచి మనిషి ఈ దారిలోనే రావాలి.

ముందు లైసెన్సుల సంగతి తెలియాలి. ఫ్లోరిడా చట్టాల్లో 489వ అధ్యాయం ప్రకారం ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్లు రెండు రకాలు. రాష్ట్రస్థాయి పరీక్ష పాసైన వాళ్లు 'సర్టిఫైడ్'. వాళ్ల లైసెన్స్ నంబర్ 'ఈసీ' అక్షరాలతో మొదలవుతుంది, రాష్ట్రంలో ఎక్కడైనా పని చేయొచ్చు. స్థానికంగా అర్హత సంపాదించి రాష్ట్రం దగ్గర పేరు నమోదు చేసుకున్న వాళ్లు 'రిజిస్టర్డ్'. వాళ్లది 'ఈఆర్' నంబర్. అర్హత ఇచ్చిన ప్రాంతం దాటితే ఆ కార్డు చెల్లదు. అంటే మయామీ కంపెనీ కీ వెస్ట్‌లో దర్జాగా టెండర్ వేయొచ్చు. కీస్‌లోని ఈఆర్ కాంట్రాక్టర్ మాత్రం అదే కార్డుతో మయామీ వెళ్లి ఒక్క ప్లగ్ పాయింట్ కూడా పెట్టకూడదు. స్థానికుల కడుపుమంటకు మూలం ఇక్కడుంది. అయినా చాలాకాలం అది గొణుగుడుగానే ఉండిపోయింది, ఎందుకంటే దీవుల్లో అందరికీ సరిపడా పని ఉండేది.

2017 సెప్టెంబర్ 10న పరిస్థితి తలకిందులైంది. హరికేన్ ఇర్మా నాలుగో కేటగిరీ తీవ్రతతో కడ్జో కీ దగ్గర తీరం దాటింది. గాలి సంగతి సరే, కరెంటు పనికి సంబంధించినంతవరకు అసలు దెబ్బ ఉప్పెనది. కీస్‌లో చాలా ఇళ్లు స్తంభాల మీద ఎత్తుగా ఉంటాయి. కానీ వాటి కింద ఖాళీ జాగాలో పంపులు, ఏసీకి కరెంటు ఆపే డిస్‌కనెక్ట్ స్విచ్చులు, కొన్నిచోట్ల ఏకంగా మెయిన్ ప్యానెళ్లు ఉంటాయి. కొందరైతే ఆ జాగాను గోడలతో మూసేసి గదులు చేసుకున్నారు. సముద్రం వచ్చి ఇవన్నీ ముంచి పోయింది.

ఉప్పునీళ్లలో మునిగిన బ్రేకర్‌ను ఒకసారి దగ్గర నుంచి చూడాలి. నాలుగు రోజుల ఎండకు అది పొడిగా అవుతుంది. పైన తుడిస్తే కొత్తదిలాగే కనిపిస్తుంది. మీట నొక్కితే టక్కున పడుతుంది, లైటు వెలుగుతుంది. కానీ లోపల కాంటాక్టుల మీద, స్ప్రింగుల మీద ఉప్పు పేరుకుని ఉంటుంది. గాలిలో తేమ తగిలినకొద్దీ ఆ ఉప్పు లోహాన్ని తింటూ పోతుంది. ఓవర్‌లోడ్ వచ్చిన రోజు ఆ బ్రేకర్ కరెంటును ఆపకపోవచ్చు. అందుకే మునిగిన బ్రేకర్లను కడిగి ఆరబెట్టి వాడొద్దని, మార్చి తీరాలని తయారీదారుల సంఘం మార్గదర్శకాలు చెబుతాయి. తెలిసినవాడు కవరు విప్పగానే మార్చాలంటాడు. తెలియనివాడు తుడిచి, డబ్బులు తీసుకుని వెళ్లిపోతాడు. ఇంటాయనకు రెండు పనులూ ఒకేలా కనిపిస్తాయి. లైసెన్స్ అనేది ఎందుకు పుట్టిందో చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

ఇర్మా తర్వాత వేల ఇళ్లకు ఒకేసారి పని తెలిసిన మనుషులు కావలసి వచ్చారు. కానీ ఆ మనుషులకే ఇళ్లు పోయాయి. బిగ్ పైన్ కీ, మారథాన్ ప్రాంతాల్లో కొట్టుకుపోయిన వాటిలో మొబైల్ ఇళ్లు, ట్రెయిలర్లు చాలా ఉన్నాయి. హోటళ్లలో, కట్టడాల్లో పనిచేసే వాళ్లు తక్కువ అద్దెకు ఉండేది వాటిల్లోనే. పోయినదాని స్థానంలో మళ్లీ అలాంటిదే నేల మీద పెడతామంటే వరద నిబంధనలు ఒప్పుకోవు, ఎత్తుగా కట్టాలి. అంత డబ్బు కూలివాడి దగ్గర ఎక్కడిది?

ఇక్కడ 1992కి వెళ్లాలి. ఆ ఏడాది ఈ దీవులున్న మన్రో కౌంటీ కొత్త ఇళ్ల పర్మిట్లకు పరిమితి పెట్టింది. తుఫాను వస్తుందంటే జనాన్ని 24 గంటల్లో ఖాళీ చేయించగలగాలి, ఉన్నది ఆ రోడ్డే కాబట్టి ఏటా ఇన్ని ఇళ్లకు మించి కట్టకూడదన్నది లెక్క. ప్రాణాల కోసం పెట్టిన నియమం, తప్పు పట్టలేం. కాకపోతే పాతిక ఏళ్ల తర్వాత, ఇళ్లు కోల్పోయిన పనివాళ్లకు దీవుల్లో మళ్లీ చోటు దొరకడం దానివల్ల ఇంకా కష్టమైంది. వెళ్లిన వాళ్లలో చాలామంది వెళ్లినట్టే ఉండిపోయారు. ఆ ఖాళీలోకి పొద్దున్నే రోడ్డెక్కి వచ్చి సాయంత్రానికి తిరిగిపోయే మెయిన్‌ల్యాండ్ కంపెనీలు వచ్చాయి. వాటి వెనకే ఏ కార్డూ లేని వాళ్లూ వచ్చారు.

చట్టం నిద్రపోలేదు. ఫ్లోరిడాలో లైసెన్స్ లేకుండా కరెంటు కాంట్రాక్టు చేయడం మొదటిసారికి చిన్న నేరం. గవర్నర్ ఎమర్జెన్సీ ప్రకటించిన కాలంలో చేస్తే మాత్రం మొదటిసారే ఫెలనీ, అంటే పెద్ద నేరం, ఐదేళ్ల దాకా జైలు పడొచ్చు. ఇర్మా రాకముందే, సెప్టెంబర్ 4న ఎమర్జెన్సీ ప్రకటించారు. కానీ ఇల్లంతా చీకటి, ఫ్రిజ్‌లో అన్నీ కుళ్లిపోయాయి, లైసెన్స్ ఉన్న కాంట్రాక్టర్‌కు తీరిక లేదు. అలాంటప్పుడు గుమ్మం ముందుకొచ్చిన మనిషిని కార్డు అడిగే ఓపిక ఎంతమందికి ఉంటుంది? అవసరం నేర్పిన ఆ అలవాటే తర్వాతా పోలేదని నా నమ్మకం.

2021 చట్టం వచ్చింది ఈ నేల మీదికి. జులై 1 నుంచి అమలైన ఆ చట్టం వృత్తి లైసెన్సుల అధికారాన్ని కౌంటీల చేతిలోంచి రాష్ట్రానికి లాక్కుంది. అప్పటికే ఉన్న స్థానిక లైసెన్సులకు 2023 దాకా గడువిచ్చారు, దాన్ని 2024కి, మళ్లీ 2025 జులై 1కి జరిపారు. చట్టాన్ని సమర్థించిన వాళ్ల వాదనలోనూ న్యాయం ఉంది. మూడు కౌంటీల్లో పనిచేసే పెయింటర్ మూడు కార్డులకు ఫీజులు కట్టడం ఎందుకని వాళ్లు అడిగారు.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ లైసెన్సును ఈ చట్టం ఎత్తేయలేదు. కౌంటీలు ఎలక్ట్రికల్ జర్నీమన్ (కాంట్రాక్టర్ కింద పనిచేసే నైపుణ్యమున్న పనివాడు) కార్డులు ఇవ్వడాన్నీ ఆపలేదు. లైసెన్స్ అడగకూడదన్నది పెయింటింగ్, ఫ్లోరింగ్, క్యాబినెట్లు, ఇంటి లోపలి రీమోడలింగ్, హ్యాండీమన్ పనుల (ఇంట్లో చిన్నాచితకా మరమ్మతులు) లాంటి వాటికి.

స్థానిక ఎలక్ట్రీషియన్ల భయం ఆ చివరి రెండు పేర్ల దగ్గరే. వంటగది రీమోడలింగ్‌కు వచ్చినవాడు కౌంటర్ జరుపుతాడు. కౌంటర్ జరిగితే ప్లగ్ పాయింట్ జరగాలి. ఆ కాస్త పనికి ఇంకొకరిని పిలవడం దేనికని తనే వైరు లాగేస్తాడు. అది ముందూ నేరమే, ఇప్పుడూ నేరమే. అయితే ఒకప్పుడు స్థానిక కార్డు రద్దవుతుందన్న జంకు ఉండేది. పోగొట్టుకునే కార్డే లేనివాడికి ఆ జంకు ఎక్కడి నుంచి వస్తుంది?

సొంత ఇంటి మినహాయింపుతోనూ ఇదే తంటా. యజమాని తాను ఉండే ఇంటికి పర్మిట్ తీసుకుని, తనే వైరింగ్ చేసుకోవచ్చు. పని పూర్తయిన ఏడాదిలోపు ఆ ఇల్లు అమ్మినా, అద్దెకిచ్చినా అది అమ్మకం కోసమో అద్దె కోసమో చేసినట్టే చట్టం భావిస్తుంది, మినహాయింపు పోతుంది. మామూలు ఊళ్లో దీన్ని తలుచుకోవలసిన పని పెద్దగా పడదు. పర్యాటకులే బతుకుదెరువైన దీవుల్లో, ఉంటున్న ఇంటినే సీజన్‌లో అద్దెకిచ్చే చోట, రోజూ ఎదురయ్యే ప్రశ్న ఇది.

అద్దె ఇళ్ల వెనక ఈత కొలనులు ఉంటాయి. కొలను చుట్టూ నేల కింద ఒక రాగి తీగ వేస్తారు. నంబర్ 8, ఒకే పోగు. నిచ్చెన, పంపు, గోడలోని ఇనుము, చుట్టూ ఉన్న కాంక్రీటు, అన్నింటినీ అది కలుపుతుంది. తడి కాళ్లతో నిచ్చెన పట్టుకున్న పిల్లాడికి షాక్ కొట్టకుండా ఉండేది దానివల్లే. ఆ తీగను ఇన్‌స్పెక్టర్ చూడాల్సింది కాంక్రీటు పోయకముందు. పర్మిట్ లేని పనికి ఇన్‌స్పెక్టర్ రాడు. పోసేశాక కింద తీగ ఉందో లేదో వారానికి ఇల్లు తీసుకున్న కుటుంబానికి తెలియదు, చాలాసార్లు యజమానికీ తెలియదు.