పిన్ని నిద్రపోయాక పని చేసేదెవరు?

ఆత్రేయపురం

చి॥ అమ్మలుకి, చి॥ చిన్నాకి తాతయ్య ఆశీస్సులు.

అమ్మలూ, నీ ఉత్తరం అందింది. పిన్ని పదింటికల్లా పడుకుంటుంది కదా, మరి తెల్లారేసరికి వాళ్ళ ఆఫీసు కంప్యూటర్లన్నిటికీ కొత్త ప్రోగ్రాములు ఎవరు తెచ్చిపెడుతున్నారని అడిగావు. దాని కిందే చిన్నా ఇంకో ప్రశ్న రాశాడు: "పిన్ని అంత కష్టపడి రాసింది ఊరికే అందరికీ ఎందుకిచ్చేసింది?" మీ రెండు ప్రశ్నలకీ జవాబు ఒక్కచోటే ఉంది. నేను లెక్కల మేష్టార్ని. అందుకని సాయంత్రాలు పిన్ని పక్కన కుర్చీ వేసుక్కూర్చుని, తను రాసింది పంక్తి పంక్తీ చదివించుకుని, అర్థమయ్యాకే ఈ ఉత్తరం మొదలెట్టాను.

ముందు పని సంగతి. పిన్ని చూసుకునేది ఆఫీసులో వాళ్ళ మాక్ కంప్యూటర్లు, అంటే ఆపిల్ కంపెనీవి. వందల్లో ఉన్నాయి. ఒక్కోదాంట్లో బ్రౌజరు, మీటింగులకి వాడేది, బొమ్మలు గీసేది, ఇలా బోలెడు ప్రోగ్రాములు. తయారుచేసినవాళ్ళు ఎప్పటికప్పుడు లోపాలు సరిదిద్ది కొత్త వెర్షన్లు వదులుతుంటారు. పాతదాన్ని అలాగే ఉంచేస్తే ఆ లోపంలోంచే దొంగలు దూరతారు. అంచేత కొత్తది రాగానే దింపుకోవాలి, అది నిజంగా ఆ కంపెనీదేనా అని చూడాలి, ప్యాకేజీ కట్టాలి, ఆఫీసు సర్వర్లో పెట్టాలి. అక్కణ్ణుంచి అన్ని కంప్యూటర్లకీ పంచిపెట్టేదాని పేరు మంకీ. దాన్ని మొదలుపెట్టింది గ్రెగ్ నీగల్ అనే ఆయన, వాల్ట్ డిస్నీ యానిమేషన్ స్టూడియోస్‌లో. అవును, మీరు చూసే బొమ్మల సినిమాలు తీసేచోటే! ఆ మంకీకి సరుకు సిద్ధం చేసి అందించేది ఆటోపీకేజీ. 2013లో వచ్చింది. పిన్ని పడుకున్నాక మేలుకుని ఉండేది అదే.

అది ఎలా చేస్తుందో చెప్పడానికి నాకు మన ఊరి పూతరేకు కంటే మంచి దారి కనిపించలేదు. మీరు అట్టపెట్టెలోంచి తీసుకు తినడమే గాని, రేకు వెయ్యడం దగ్గరుండి చూడలేదు.

కుండ బోర్లించి ఉంటుంది. కింద ఎండు కొబ్బరాకుల మంట. బియ్యం నానబోసి మెత్తగా రుబ్బి, ఆ పిండిని పాలలాగా పల్చగా కలుపుకుంటారు. పల్చటి గుడ్డ అందులో ముంచి, రెండు చేతులా చివరలు పట్టుకుని, కాలిన కుండ వీపు మీంచి ఒక్క లాగు లాగుతారు. రెప్ప వేసి తెరిచేలోపు రేకు లేచి వస్తుంది. ఎదుట పెట్టుకుంటే అవతలి మనిషి కనబడతాడు, అంత పల్చన. ఇంకో సంగతి. రేకు వేసే ఇల్లు వేరు, చుట్టే ఇల్లు వేరు. మన ఊళ్ళో చాలామంది ఆడవాళ్ళు రేకులు మాత్రం వేసి వందల లెక్కన ఇచ్చేస్తారు. తీసుకున్నవాళ్ళు తడిగుడ్డతో కాస్త మెత్తబరిచి, నెయ్యి రాసి, పంచదార పొడో బెల్లం తురుమో జల్లి మడత పెడతారు. 2023లో ఆత్రేయపురం పూతరేకుకి భౌగోళిక గుర్తింపు వచ్చిందంటే ఆ పేరు ఒక్క చేతిది కాదు, వరసగా కూర్చున్న చేతులన్నిటిదీ.

ఆటోపీకేజీలో కూడా ఒక్కో ప్రోగ్రాముకి ఒక్కో కాగితం ఉంటుంది. దాన్ని రెసిపీ అంటారు. ఏ పని తరవాత ఏ పనో అందులో రాసి ఉంటుంది. ఒక్కో పనీ ఒక్కో చేతికి అప్పగిస్తారు, ఆ చేతిని ప్రాసెసర్ అంటారు. యూఆర్ఎల్ డౌన్‌లోడర్ అనేది ఫైలు దింపుతుంది. కోడ్ సిగ్నేచర్ వెరిఫయర్ అనేది కంపెనీ సంతకం సరిచూస్తుంది. మంకీ ఇంపోర్టర్ తీసుకెళ్ళి మంకీ చేతిలో పెడుతుంది. వీళ్ళ మధ్య ఒక పళ్ళెం తిరుగుతుంటుంది. ప్రతి చెయ్యీ తనకి కావలసింది ఆ పళ్ళెంలోంచి తీసుకుని, తను చేసింది మళ్ళీ అందులోనే పెట్టి పక్కకి జరుపుతుంది. చుట్టే ఆవిడకి పిండి ఏ రోట్లో రుబ్బారో అక్కర్లేదు, పళ్ళెంలో రేకు ఉంటే చాలు.

మీ అమ్మమ్మకి పంచదార పడదు. అంతమాత్రాన రేకులు వేసే ఇంటికి వెళ్ళి మీ పద్ధతి మార్చుకోండి అంటామా? మనవి బెల్లంతో చుట్టమని చీటీ రాసి పంపుతాం. ఆటోపీకేజీలో ఆ చీటీ పేరు ఓవర్‌రైడ్. అసలు రెసిపీని ముట్టుకోకుండా, మన ఇంటి మార్పులు మాత్రం అందులో రాసుకుంటాం.

ఇప్పుడు పిన్ని రాసినదాని దగ్గరికి వద్దాం. ఆటోపీకేజీతో పాటే చాలా ప్రాసెసర్లు వస్తాయి. వాటిలో ఏదీ చెయ్యలేని పని పడితే మనమే ఒకటి పైథాన్ అనే కంప్యూటరు భాషలో రాసి జత చేసుకోవచ్చు. అప్పట్లో పిన్నికి అలాంటిదే పడింది. ఒక కంపెనీ వాళ్ళు తమ వెర్షను నంబరుని 7-4-2 అని గీతలు పెట్టి రాస్తారు. పిన్నికి 7.4.2 అని చుక్కలతో కావాలి, లేకపోతే ఏది పాతదో ఏది కొత్తదో పోల్చడం కుదరదు. చిన్నా, ఇక్కడ నీకో లెక్క. 7.9 పెద్దదా, 7.10 పెద్దదా? పరీక్షలో అడిగితే 7.9 అనే రాయి. వెర్షన్లలో మాత్రం 7.10 పెద్దది. ఆ చుక్క దశాంశ బిందువు కాదు. అటూ ఇటూ ఉన్నవి విడివిడి సంఖ్యలు, తొమ్మిది తరవాత పది. ఈ మాట పిన్ని చెప్పినప్పుడు నాకు ఎంత సంతోషం వేసిందో!

ఆ ప్రాసెసరు ఒక పేజీ కూడా లేదు. మొదట ఒక క్లాసు పేరు. బడిలో క్లాసు కాదు, పైథాన్‌లో ఇలాంటి ప్రోగ్రాము ముక్కని అలా అంటారు. ఫైలుకీ అదే పేరు పెట్టాలి, తేడా ఉంటే ఆటోపీకేజీ దాన్ని పట్టుకోలేదు. తరవాత ఇదేం చేస్తుందో వివరణ. ఆ తరవాత రెండు పట్టికలు: నాకు ఏమేం కావాలి, నేను ఏమేం ఇస్తాను. కావలసినవాటిలో ఏది తప్పనిసరో, ఏది లేకపోయినా ఫర్వాలేదో కూడా రాస్తారు. చివర్లో మెయిన్ అనే చోట అసలు పని: పళ్ళెంలోంచి పాత నంబరు తియ్యి, గీత ఉన్నచోటల్లా చుక్క పెట్టు, కొత్త నంబరు పళ్ళెంలో పెట్టు. గీతలు చుక్కలుగా మార్చేది ఒక్కటే పంక్తి. మిగతాదంతా ఎవరో తెలియని మనిషి రేపు వాడుకోవడానికి రాసిన మర్యాద.

ఆ మిగతాదాంట్లో నాకు బాగా నచ్చిన చోటు ఒకటుంది. వచ్చిన నంబరు అర్థం కాకపోతే ఇది తోచిందేదో పళ్ళెంలో పెట్టెయ్యదు. ప్రాసెసర్ ఎర్రర్ అని గట్టిగా చెప్పి అక్కడే ఆగిపోతుంది. అది చూడగానే మా మామ్మ గుర్తొచ్చింది.

నా చిన్నప్పుడు మామ్మ రేకులు వేసేది. మంట చూసుకునే పని నాది. ఆకులు ఎక్కువ తోస్తే రేకు మాడుతుంది, తక్కువైతే కుండకి అంటుకుపోతుంది. పొగకి కళ్ళు మండుతున్నా లేవడానికి లేదు. లొల్ల లాకుల వైపు నుంచి కాలవగట్టు మీదుగా రేకులు పట్టుకెళ్ళడానికి మనుషులు వచ్చేవారు. మామ్మ దొంతర చేతికిచ్చేముందు ఎప్పుడు వేసినవో, పాత బియ్యమో కొత్త బియ్యమో చెప్పేది, వాళ్ళు అడగకపోయినా. చిరిగిన రేకుని దొంతరలోకి పోనిచ్చేది కాదు. "మధ్యలో పెడితే ఎవరికి తెలుస్తుందే?" అని పక్కింటావిడ అంటే, "చుట్టేటప్పుడు తెలుస్తుంది, నెయ్యి పోశాక" అనేది. అంటే అప్పటికి అవతలి వాళ్ళ నెయ్యి కూడా పాడవుతుందన్నమాట. చిరిగినవన్నీ మా పిల్లలకే. పంచదార అద్దుకుని తినేవాళ్ళం. మనం ఒప్పుకున్నంత పని సరిగ్గా చెయ్యడం, చెయ్యలేనప్పుడు దాచకుండా చెప్పడం మీరు ఈ వయసులోనే అలవాటు చేసుకోవాలి.

ఇక పంచుకోవడం. పిన్ని తన ప్రాసెసర్ని గిట్‌హబ్‌లో పెట్టింది. అది ప్రోగ్రాములు రాసేవాళ్ళు తాము రాసింది నలుగురితో పంచుకునే వెబ్‌సైటు. ఊరికే పెడితే చాలదు, ఎవరైనా తమ రెసిపీలోంచి దాన్ని పిలవాలంటే చిరునామా కావాలి. ఆటోపీకేజీలో ప్రతి రెసిపీకీ ఐడెంటిఫైయర్ అని ఒకటుంటుంది. అందుకని ప్రాసెసరు ఉన్న ఫోల్డర్లోనే ఏ పనీ చెయ్యని చిన్న రెసిపీ ఒకటి పెడతారు. దాని ఐడెంటిఫైయరు, ఒక ఏటవాలు గీత, తరవాత ప్రాసెసరు పేరు రాస్తే ఆటోపీకేజీ వెతుక్కుంటూ సరిగ్గా ఆ ఇంటికే వస్తుంది. వాడుకునేవాళ్ళు ముందుగా పిన్ని రెపోని, అంటే గిట్‌హబ్‌లో తన ఫైళ్ళున్న అరని, ఒక్కసారి తమ కంప్యూటరుకి తెచ్చుకుంటే చాలు.

ముక్కూ మొహం తెలియని వాళ్ళు రాసింది తెచ్చి మన ఆఫీసులో నడిపిస్తే ప్రమాదం కాదా అని అమ్మలు అడుగుతుంది, నాకు తెలుసు. ప్రమాదమే. ప్రాసెసరంటే ప్రోగ్రామే, అది ఏమైనా చెయ్యగలదు. అందుకే మామ్మ కూడా పండగలకి పనెక్కువై వేరే ఇంటి రేకులు తీసుకున్నప్పుడు దొంతర మధ్యలోంచి ఒకటి లాగి వెలుతురుకి పెట్టి చూసేది. ఆటోపీకేజీలో ఓవర్‌రైడ్ చీటీ రాసుకునేటప్పుడే దాని వెనకున్న అసలు రెసిపీలకీ, బయటనుంచి తెచ్చుకున్న ప్రాసెసర్లకీ వేలిముద్రలాంటి పెద్ద సంఖ్య ఒకటి లెక్కగట్టి అందులో రాసేస్తుంది. దాన్ని షా-256 అంటారు. తరవాత ఎప్పుడైనా అవతలివాళ్ళు ఒక్క అక్షరం మార్చినా ఆ సంఖ్య పూర్తిగా మారిపోతుంది. అప్పుడు ఆటోపీకేజీ నడవనని ఆగి, మీరొకసారి చూడండి అంటుంది. ఏం మారిందో చూపించమంటే పంక్తులతో సహా చూపిస్తుంది. పిన్ని అదంతా చదివి, బాగుందనుకుంటేనే సరే అంటుంది. చదవకుండా సరే కొట్టేవాళ్ళూ ఉంటారు. మీరు అలా చెయ్యకండి. కాపలావాణ్ణి పెట్టుకుని, వాడు పిలిచినా లేవకపోతే కాపలా ఎందుకు?

ఇచ్చేసి చేతులు దులుపుకుంటే కూడా కుదరదట. పైథాన్ రెండో తరానికి 2020 జనవరి 1తో మద్దతు ఆగిపోయింది. ఆటోపీకేజీ మూడో తరానికి మారింది. ఆ తరవాత 2022లో ఆపిల్ వాళ్ళు మాక్‌లని నడిపించే మాక్ఓఎస్‌లో 12.3 వెర్షను నుంచి పాత పైథాన్‌ని తీసేశారు. అంతకుముందు రాసి పంచిన ప్రాసెసర్లని ఎవరివి వాళ్ళు మళ్ళీ సరిచెయ్యాల్సి వచ్చింది. కొన్నిటికి యజమానులు కనబడకపోతే వేరేవాళ్ళు పూనుకున్నారట. ఎవరూ అడగలేదు, ఎవరూ జీతం ఇవ్వలేదు. నాకు ఈ లోకంలో బాగా విలువైనవిగా తోచే పనుల్లో ఇదొకటి.

చిన్నా, నీ ప్రశ్న ఇదే కదా. పిన్ని నడిపే రెసిపీల్లో ఎక్కువభాగం పిన్ని రాసినవి కావు. ఎక్కడో విశ్వవిద్యాలయంలోనో, ఇంకో ఆఫీసులోనో తనలాంటి ఉద్యోగమే చేసేవాళ్ళు తమ అవసరానికి రాసుకుని అందరికీ పెట్టినవి. వాళ్ళెవర్నీ పిన్ని చూడలేదు. ఆటోపీకేజీని కూడా ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, తిరిగి పంచవచ్చు అనే షరతు మీదే ఇచ్చారు. ఇక్కడే పూతరేకు నన్ను వదిలేస్తుంది. మామ్మ వంద రేకులు ఇస్తే మామ్మ దగ్గర వంద తగ్గేవి. పిన్ని ఇచ్చినదాన్ని ఎంతమంది తీసుకున్నా పిన్ని దగ్గర ఉన్నది ఉన్నట్టే ఉంది. పైగా ఎవరో పరదేశి ఆవిడ దాన్ని వాడుకుని, 7-4-2బి అని చివర అక్షరం వస్తే ఏం చెయ్యాలో తనే రాసి పిన్నికి పంపింది. ఇప్పుడది పిన్ని దగ్గర మునుపటికంటే బాగుంది. ఇది ఎలా సాధ్యమని లెక్క కట్టబోయి ఊరుకున్నాను. ఆ ఉత్తరం పిన్ని నాకు చూపించినప్పుడు ఇద్దరం కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాం.

మిగతాది నేను చెబితే వినడం కంటే మీరు చూడడం మేలు. వేసవికి వచ్చినప్పుడు పిన్నిని ఒక రెసిపీ నడపమనండి, మామూలుగా కాకుండా పక్కన -vv అని, అంటే ఒక గీతా రెండు ఇంగ్లీషు v అక్షరాలూ, కొట్టమనండి. అప్పుడు ప్రతి చేతిలోకి ఏం వెళ్ళిందో, ఏం బయటికొచ్చిందో తెర మీద రాసుకుంటూ పోతుంది. కొత్త వెర్షను ఏమీ లేకపోతే, ఫైలు దింపకుండానే అది మారలేదని దానికెలా తెలిసిందో మీరే కనుక్కోండి. వెబ్ సర్వరు పంపే ఈట్యాగ్ అనే మాట దగ్గర ఆగి చూస్తే దొరుకుతుంది.

ఈలోగా ఒక పని. కంప్యూటరు అక్కర్లేదు. మీ ఇంట్లో రోజూ జరిగే చిన్న పని ఏదైనా ఒకటి తీసుకోండి. దానికి ఏమేం కావాలో, అందులో ఏవి తప్పనిసరో, పని అయ్యాక చేతికి ఏం వస్తుందో, కుదరకపోతే ఏమని చెప్పి ఆగాలో ఒక కాగితం మీద రాయండి. మీ ఇద్దరూ విడివిడిగా రాసి, ఒకరిది ఒకరు తీసుకుని, నోరు మెదపకుండా ఆ కాగితం చూసే పని చెయ్యండి. ఎక్కడ ఆగిపోయారో నాకు ఉత్తరం రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య