భూసేకరణ: లాయరు దగ్గరకు ఎప్పుడు వెళ్లాలి

రోడ్డుకో, రిజర్వాయరుకో భూమి పోగొట్టుకుంటున్నవాళ్లు చాలామంది చెక్కు తీసుకున్నాకే లాయరు దగ్గరకు వెళ్తారు. అప్పటికే ముఖ్యమైన హక్కు ఒకటి చేజారిపోయి ఉండొచ్చు. దీని మూలం 1894 నాటి భూసేకరణ చట్టంలో ఉంది.

ఆ చట్టం వచ్చిన కొత్తలో భూమి తీసుకోవద్దని అభ్యంతరం చెప్పుకునే వీలే లేదు. 1923లో 5ఏ సెక్షన్ చేర్చాకే అది వచ్చింది. రేటు చాలదనుకుంటే 18వ సెక్షన్ కింద విషయాన్ని కోర్టుకు పంపమని కలెక్టరును అడిగే వీలుండేది. కానీ డబ్బు తీసుకునేటప్పుడే ‘అభ్యంతరంతో తీసుకుంటున్నాను’ అని రాసి ఉండాల్సి వచ్చేది. లేకపోతే ఆ దారి మూసుకుపోయేది. అప్పులవాళ్లు ఇంటి ముందు నిలబడి ఉంటే, చదువురాని రైతుకు ఈ ఒక్క మాట ఎవరు చెప్పాలి?

కోర్టుకు వెళ్లిన పక్క రైతుకు రేటు పెరిగితే, వెళ్లలేనివాళ్లూ అదే రేటు అడిగే అవకాశం 1984 సవరణతో వచ్చింది. అదీ మూడు నెలల్లోపే. అంతకుముందే 1978లో 44వ రాజ్యాంగ సవరణ ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల నుంచి తీసేసింది. ఇప్పుడు దానికి అండ, చట్టప్రకారం తప్ప ఎవరి ఆస్తీ తీసుకోకూడదనే 300ఏ అధికరణమే.

1894 చట్టం స్థానంలో 2014 జనవరి 1న అమల్లోకి వచ్చిన కొత్త భూసేకరణ చట్టం పరిహారం పెంచింది, సామాజిక ప్రభావ అంచనా తెచ్చింది. ‘అభ్యంతరంతో’ షరతును మాత్రం 77వ సెక్షన్‌లో అలాగే ఉంచింది. తెలంగాణలో 2015లో వచ్చిన జీవో 123 అయితే ఈ చట్టాన్ని పక్కనపెట్టి నేరుగా కొనుగోలుకు దిగింది. 2016 ఆగస్టులో హైకోర్టు సింగిల్ జడ్జి దాన్ని కొట్టేశారు. ఆ తర్వాత ప్రభుత్వం చట్టాన్నే సవరించుకుంది. ఒప్పందం మీద భూమి ఇమ్మని అడిగినప్పుడు, సంతకానికి ముందే లాయరుకు కాగితాలు చూపించాలని అందుకే గట్టిగా చెప్పాల్సి వస్తోంది.

ఫీజు భయం ఉన్నవాళ్లకు 1987 నాటి న్యాయ సేవల చట్టం ఉంది. ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇవ్వాలి. పాసుపుస్తకం ఇంటావిడ పేరున ఉంటే ఆమే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ పెట్టుకోవచ్చు. కలెక్టరు పరిహారం ఖరారు చేసే ఉత్తర్వు (అవార్డు) ప్రకటించేటప్పుడు హాజరైనవాళ్లకు, రేటు చాలదంటూ కొత్త చట్టం 64వ సెక్షన్ కింద పెట్టే అర్జీకి గడువు ఆరు వారాలే. సరైన కారణం చూపితే కలెక్టరు మరో ఏడాది వరకు అనుమతించొచ్చు. అర్జీ అందిన 30 రోజుల్లో కలెక్టరు దాన్ని ఇలాంటి వివాదాలు తేల్చే అథారిటీకి పంపాలి. పంపకపోతే రైతే నేరుగా అథారిటీని ఆశ్రయించొచ్చు.