బగ్రాతీకి గుమ్మటం వచ్చింది, హోదా పోయింది

జార్జియాలోని కుతాయిసీ పట్టణంలో ఉకిమెరియోని గుట్ట మీది బగ్రాతీ కెథడ్రల్ 2017లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా కోల్పోయింది. కూలగొట్టినందుకు పడిన వేటు కాదిది, తిరిగి కట్టినందుకు పడింది.

ఏకీకృత జార్జియా తొలి రాజు మూడో బగ్రాత్ దీన్ని మరియమాత పేరిట కట్టించాడు. నేల పరిచిన ఏడాది 223 అని ఉత్తర గోడ మీది శాసనం చెబుతోంది. అది జార్జియన్ల కాలచక్రం లెక్క. దానికి 780 కలిపితే 1003.

ప్లాను శిలువ ఆకారం. తూర్పు, ఉత్తర, దక్షిణ బాహువులు లోపల అర్ధవృత్తాలుగా ముగుస్తాయి, పడమటి బాహువు పొడుగ్గా సాగుతుంది. నాలుగూ కలిసే చోట, గోడలకు ఆనకుండా లేచిన నాలుగు బలమైన స్తంభాలు గుమ్మటాన్ని మోసేవి. లోపలంతా విశాలంగా కనిపించేది అందుకే. ప్రమాదమూ అందులోనే ఉంది. స్తంభం కదిలితే తోరణాలు, వాటితోపాటు గుమ్మటం కిందికి రావాల్సిందే. 1690ల తొలినాళ్లలో ఒట్టోమన్ సైన్యం పేల్చేసినప్పుడు గుమ్మటమూ పైకప్పూ కూలాయి, గోడలు చాలామేరకు నిలిచాయి.

1950లలో ఆర్కిటెక్ట్ వఖ్తాంగ్ త్సింత్సాద్జే ఆధ్వర్యంలో పరిరక్షణ మొదలైంది. 1994లో కుతాయిసీ దగ్గరి గెలాతీ మఠంతో కలిపి యునెస్కో గుర్తించింది ఈ శిథిలాన్నే. గొడవంతా ఇక్కడే ఉంది. 2001లో కట్టడం ఆర్థడాక్స్ చర్చి చేతికి వెళ్లింది. పూజలు జరగాలంటే పైకప్పు కావాలి, ఆ కోరికను తప్పుపట్టలేం. 2009లో పునర్నిర్మాణం మొదలైంది, మరుసటి ఏడే యునెస్కో దీన్ని 'ప్రమాదంలో ఉన్న' జాబితాలో చేర్చింది. పని ఆగలేదు, 2012లో గుమ్మటంతో సహా పూర్తయింది.

పాత కట్టడాల పరిరక్షణకు అంతర్జాతీయ నియమావళి అయిన 1964 నాటి వెనిస్ చార్టర్ శిథిలాల విషయంలో కచ్చితంగా ఉంటుంది. విడిపోయిన పాత రాళ్లను వాటి చోట తిరిగి పేర్చవచ్చు, ఊహ మొదలైన చోట పని ఆపాలి. మూడు శతాబ్దాలుగా లేని కప్పు మొత్తాన్ని లేపాలంటే ఆ గీత దాటక తప్పదు. పడమటి వైపు ఇటలీ ఆర్కిటెక్ట్ ఆంద్రేయా బ్రూనో చేర్చిన లోహం, గాజు భాగాన్ని చాలామంది తిట్టారు. కానీ కొత్తది పాతదానికి భిన్నంగా తెలియాలన్నది అదే చార్టర్ నియమం; ఆ లెక్కన పాతదాన్ని పోలిన రాతి గుమ్మటమే ఎక్కువ ఇబ్బందికరం.

ఈ మార్పులు వెనక్కి తీసుకోలేనివని తేలాక, 2017లో క్రాకోవ్‌లో జరిగిన యునెస్కో ప్రపంచ వారసత్వ కమిటీ సమావేశం వారసత్వ స్థలం సరిహద్దును మార్చింది. 1106లో డేవిడ్ రాజు స్థాపించిన గెలాతీ ఒక్కటే జాబితాలో మిగిలింది. ఆ తర్వాత కొన్నేళ్లకే మరమ్మతు చేసిన గెలాతీ పైకప్పు కారి కుడ్యచిత్రాలు తడిశాయి. అది మరో పంచాయితీ.